పాత ప్లేట్లలో పియానో: యంత్రం లోపమేది, వాద్యకారుడి బాణీ ఏది?

1925లో అమెరికాలో విడుదలైన రికార్డుల మీద కాపీరైట్ 2026 జనవరి 1న తొలగిపోయింది. 1923కు ముందు వచ్చినవన్నీ 2022లోనే ఒక్క విడతగా బయటపడ్డాయి. 2024 నుంచి ఏటా ఒక్కో సంవత్సరం వంతు వస్తోంది. మన చట్టంలో సౌండ్ రికార్డింగుకు గడువు 60 ఏళ్లే కాబట్టి ఇక్కడ ఆ చిక్కు అంతగా లేదు. అయితే ఈ ప్లేట్లను శుభ్రం చేసి, డిజిటల్‌లోకి ఎక్కించి, అందరికీ అందుబాటులో పెడుతున్న పెద్ద సంస్థలు ఎక్కువగా అమెరికాలోనే ఉన్నాయి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఇంటర్నెట్ ఆర్కైవ్, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అలాంటివే. అక్కడ తలుపు తెరుచుకుంటే ఇక్కడి ఫోన్లో పాట వినిపిస్తుంది.

అలా 19వ శతాబ్దంలో పేరు మోసిన పియానో విద్వాంసుల వాయింపు ఇప్పుడు ఎవరికైనా దొరుకుతోంది. కానీ మొదటిసారి విన్నవాళ్లు ఒక్క నిమిషంలోనే చిక్కులో పడతారు. నూనెలో ఏదో వేగుతున్నట్టు చిటపటలు. వాటి వెనక రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు పియానో. పైగా రెండు చేతులూ ఒక్కసారి పడవు, నడక నిలకడగా ఉండదు. అంత పేరున్నవాళ్లు నిజంగా ఇలాగే వాయించారా, లేక యంత్రం పాడుచేసిందా అన్నది చాలామందిని వేధించే ప్రశ్న.

సంక్షిప్తంగా

పాత రికార్డులో చెవికి ఎబ్బెట్టుగా తోచేవన్నీ ఒక కోవలోవి కావు. పలచటి ధ్వని, గరగర, శ్రుతి ఊగడం, మధ్యలో కత్తిరింపులు యంత్రం వల్ల వచ్చినవి. ఎడమ చెయ్యి ముందు పడటం, ఒక్కసారి పడాల్సిన స్వరాల గుంపులైన కార్డులను (chords) విరిచి వాయించడం, వేగం పెంచి తగ్గించడం వాద్యకారుడు కావాలని చేసినవి. ప్లేటు వేగం సరిచూసుకోకపోయినా, ప్లేటుకూ, పియానోను తనంతట తాను వాయించేలా చేసే బెజ్జాల కాగితపు రోలుకూ తేడా తెలియకపోయినా ఈ రెండూ కలగాపులగం అవుతాయి. 1928–38 మధ్య రికార్డులతో మొదలుపెట్టి వెనక్కి వెళ్తే చెవి త్వరగా అలవాటు పడుతుంది.

ఎవరి వాయింపు మిగిలింది

పోలండ్ స్వరకర్త, పియానో విద్వాంసుడు షోపాన్ 1849లో, ధ్వనిని పట్టుకునే యంత్రం ఫోనోగ్రాఫ్ పుట్టడానికి 28 ఏళ్ల ముందే పోయారు. ఫ్రాంజ్ లిస్ట్ 1886లో, అంటోన్ రూబిన్‌స్టీన్ 1894లో, క్లారా షూమన్ 1896లో కన్నుమూశారు. వీళ్లలో ఎవరి పియానో వాయింపూ రికార్డులో మిగల్లేదు. ‘లిస్ట్ స్వయంగా వాయించినది’ అన్న శీర్షికతో ఏదైనా కనిపిస్తే నిక్షేపంగా పక్కన పెట్టేయవచ్చు.

మిగిలినవాటిలో బాగా పాతవి మైనపు సిలిండర్లు. ఎడిసన్ ప్రతినిధి థియో వాంగెమన్ 1889 డిసెంబరు 2న వియన్నాలో జర్మన్ స్వరకర్త బ్రామ్స్ చేత ఆయన మొదటి హంగేరియన్ డాన్సులో కొంత భాగం వాయింపజేసి సిలిండర్ మీద పట్టుకున్నారు. ఆ సిలిండర్ ఎంతగా పాడైందంటే గరగరలో పియానోను వెతుక్కోవాలి. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్‌తో అందులోని స్వరాలను ఏరి చూసినప్పుడు, బ్రామ్స్ తాను అచ్చు వేయించిన స్వరలిపిని ఉన్నదున్నట్టు వాయించలేదని కనిపించింది. కూర్చుని విని ఆనందించడానికి ఆ సిలిండర్ పనికిరాదు. దస్తావేజుగా మాత్రం దాని విలువ దానిదే.

వినదగ్గ చరిత్ర 1903లో పారిస్‌లో మొదలవుతుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటను ప్లేటుకెక్కించిన గ్రామఫోన్ కంపెనీయే, మరుసటి ఏడాది పారిస్‌లో ఫ్రెంచి పియానో విద్వాంసుడు రవూల్ ప్యూన్యోను, నార్వే స్వరకర్త గ్రీగ్‌ను, 1904లో ఫ్రెంచి స్వరకర్త కామిల్ సాంసాన్స్‌ను బాకా ముందు కూర్చోబెట్టింది. సాంసాన్స్ పుట్టింది 1835లో. అంటే షోపాన్ ఇంకా పారిస్‌లో పాఠాలు చెబుతున్న రోజులు. ఆ తర్వాత 1907లో పాఖ్‌మన్, 1911లో స్విట్జర్లాండ్‌లోని తన ఇంట్లోనే పాడెరెవ్‌స్కీ రికార్డులకు దిగారు. 1839లో పుట్టిన ఫ్రాన్సిస్ ప్లాంతే మరీ ఆలస్యంగా, 1928లో, 89 ఏళ్ల వయసులో షోపాన్ ఎట్యూడ్లు (సాధన రచనలు) రికార్డు చేశారు. ఆలస్యమే ఆయనకు కలిసొచ్చింది. అప్పటికి మైక్రోఫోన్ వచ్చేసింది.

బాకాలో పియానో ఎందుకు చిక్కిపోతుంది

1925 దాకా రికార్డింగులో విద్యుత్తుకు పాత్ర లేదు. రేకు బాకా, దాని సన్నటి చివర పలచని పొర, పొరకు అతికించిన కోత ముల్లు, ఆ ముల్లు కింద తిరిగే మెత్తటి మైనపు పలక. సరంజామా అంతే. గాలిలో పుట్టిన అదురే పొరను కదిలించాలి, ఆ కదలికే మైనంలో గాడి కోయాలి. గాయకుడైతే బాకాలోకి మొహం పెట్టి పాడగలడు. పియానో ధ్వని వెడల్పాటి చెక్క పలక నుంచి నలువైపులా చెదిరిపోతుంది. అందుకే స్టూడియోల్లో తరచు నిలువు పియానో తెచ్చి, వెనక చెక్క ఊడదీసి, ఎత్తు మీద పెట్టి బాకాకు ఆనించేవారు. కచేరీలో వాయించే పెద్ద పియానో పలుకు ఆ ప్లేట్లలో వెతకడం వృథా ప్రయాస.

బాకా పద్ధతిలో సుమారు 168 హెర్ట్జ్ (సెకనుకు అన్ని అదుర్లు) నుంచి 2,000 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనే గాడిలోకి ఎక్కుతుంది. పియానోలో అట్టడుగు మెట్టు 27.5 హెర్ట్జ్, చిట్టచివరిది 4,186. లెక్క వేస్తే 88 మెట్లలో ఎడమ కొస నుంచి 32 మెట్ల మూలస్వరాలు ఈ మేరకు కిందే ఉండిపోతాయి. కుడి కొసన 13 మెట్లు పైకి పోతాయి. అయినా మంద్రస్వరాలు బొత్తిగా మాయం కావు. వాటి అతిస్వరాలు (మూలస్వరంతో పాటే పుట్టే పై అదుర్లు) 168కి పైన ఉంటాయి కాబట్టి అవి ఎక్కుతాయి. అతిస్వరాల వరుసను బట్టి లేని మూలస్వరాన్ని మెదడు పూరించుకుంటుంది. అందుకే ఎడమ చేతి స్వరం ఏదో తెలుస్తుంది గానీ దాని బరువు తెలియదు.

పలుకులో మెరుపు పోవడానికి కారణం పై కొసన ఉంది. మధ్య స్థాయి స్వరాలకు కూడా తళుకునిచ్చేవి 2,000 హెర్ట్జ్ దాటిన అతిస్వరాలే, అవి గాడిలో లేవు. దానికి తోడు బాకాకు తనదైన ప్రతిధ్వని ఉంటుంది. కొన్ని స్వరాలు అకారణంగా గంటలా మోగుతాయి, పక్క స్వరం మూగగా పడుతుంది. మరీ మెల్లగా వాయిస్తే గాడి గరగరలో మునిగిపోతుంది, మరీ గట్టిగా వాయిస్తే ముల్లు పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. అందువల్ల అందరూ దాదాపు ఒకే ఉరవడిలో వాయించాల్సి వచ్చేది.

ఇంతకూ తేలేదేమిటంటే, 1925కు ముందటి ప్లేటు విని ఒక విద్వాంసుడి నాదం ఎలాంటిదో, పెడల్ ఎలా వాడారో, ఎంత మెల్లగా వాయించగలిగారో చెప్పడం సాహసం. ఏ స్వరం ఎప్పుడు పడిందన్నది మాత్రం ఆ ప్లేటు నిక్కచ్చిగా చెబుతుంది. కాలానికి సంబంధించిన సాక్ష్యం దగ్గర దాన్ని నమ్మవచ్చు, ధ్వనికి సంబంధించిన సాక్ష్యం దగ్గర నమ్మకూడదు.

1925 మార్చి 21న అమెరికాలోని కామ్డెన్‌లో ఆల్‌ఫ్రెడ్ కోర్తో మైక్రోఫోన్ ముందు షోపాన్ ఇంప్రాంప్టు ఒకటి, షూబర్ట్ పాటకు తాను చేసిన పియానో రూపం ఒకటి వాయించారు. శాస్త్రీయ సంగీతంలో విద్యుత్ పద్ధతిన వచ్చిన తొలి ప్లేట్లుగా వాటినే చెబుతారు. పై హద్దు సుమారు 5,000 హెర్ట్జ్‌కు పెరిగింది. ఆ ప్లేటు పక్కనే ఒక బాకా ప్లేటు పెట్టి వింటే, కిటికీ రెక్కలు తీసినట్టు ఉంటుంది.

ఇక గరగర సంగతి. ప్లేటు తయారయ్యేది లక్కతో. ఆ లక్కలో చాలా భాగం మన దేశం అడవుల నుంచే వెళ్లేది. వట్టి లక్క మెత్తన కాబట్టి అందులో మెత్తగా నూరిన రాతి పొడి కలిపేవారు. ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలో ఆ రాపిడికి అరిగి గాడి ఆకారంలోకి రావాలన్నది ఉద్దేశం. గరగరలో ముఖ్య భాగం ఆ రాతి పొడిదే.

నాలుగు నిమిషాల గడువు

10 అంగుళాల ప్లేటులో ఒక వైపు సుమారు 3 నిమిషాలు, 12 అంగుళాల దానిలో నాలుగు, నాలుగున్నర నిమిషాలు పడుతుంది. కర్ణాటక విద్వాంసుల పాత ప్లేట్లు విన్నవాళ్లకు ఈ ఇరకాటం తెలిసిందే. ఆలాపన నాలుగు మెరుపులతో ముగిసి, పల్లవి అందుకున్నంతలోనే ప్లేటు అయిపోతుంది. ఐరోపా పియానోకూ అదే గతి పట్టింది. లిస్ట్ ‘ఫౌస్ట్’ వాల్ట్జ్ పది నిమిషాల రచన, దాన్ని నాలుగు నిమిషాల్లోకి కుదించమన్నారని ఇటలీ పియానో విద్వాంసుడు బుజోని 1919లో లండన్ నుంచి భార్యకు రాసిన ఉత్తరంలో వాపోయారు. అప్పటికప్పుడు ఎక్కడ కత్తిరించాలి, ఎక్కడ అతికించాలి అన్న బెంగతో, పెడల్ గురించి, కొన్ని స్వరాలను గట్టిగా, కొన్నిటిని మెల్లగా కొట్టాలన్న హెచ్చరికలను గుర్తుంచుకుంటూ వాయించాల్సి వచ్చిందన్నది ఆయన గోడు. ఆ ఉత్తరం చదివాక ఆ కాలపు ఏ ప్లేటునైనా కాస్త దయగా వింటాం.

అయితే పాత రికార్డుల్లో వేగం ఎక్కువగా ఉన్న ప్రతిచోటా ‘ప్లేటు సరిపోదని తొందరపడ్డారు’ అనుకోవడం పొరపాటు. దీనికి పరీక్ష ఉంది. అదే తరం విద్వాంసుడి వాయింపు గడువు లేని చోట రికార్డయితే ఎలా ఉందో చూడాలి. జోసెఫ్ హాఫ్మన్ 1937 నవంబరు 28న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో చేసిన కచేరీ, 1938లో ఫిలడెల్ఫియాలోని కాసిమిర్ హాలులో చేసిన కచేరీ సభలోనే రికార్డయ్యాయి. ప్లేటు నిండిపోతుందన్న భయం అక్కడ లేదు. అయినా షోపాన్ బల్లాడ్లలో ఆయన ఉధృతంగా ముందుకు దూకడం, అంతలోనే ఆగి ఊపిరి పీల్చడం వినిపిస్తాయి. ఆ వేగం ఆయన స్వభావంలోనిది.

గడువుతో పాటు మరో కట్టడి ఉంది. మైనపు పలకను ఒక్కసారి వాయించి చూసుకుంటే అది అరిగి, అచ్చు తీయడానికి పనికిరాకుండా పోతుంది. వినకుండానే రెండు మూడు సార్లు వాయించి, అచ్చు వచ్చాక మంచిది ఎంచుకోవాలి. టేపు వచ్చి ముక్కలు అతికే వెసులుబాటు 1940ల చివరికి గానీ కలగలేదు. అప్పటిదాకా ఒక స్వరం తప్పితే ప్లేటు మొత్తం మళ్లీ వాయించడమే. కోర్తో ప్లేట్లలో తప్పుడు స్వరాలు అలాగే ఉండిపోయాయి. ఇప్పటి అతుకుల రికార్డింగుల పక్కన వాటిని పెట్టి తప్పులు లెక్కపెట్టడం న్యాయం కాదు.

వేగం తప్పితే శ్రుతి తప్పుతుంది

‘78 ప్లేటు’ అన్న పేరు చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. 1920ల మధ్య దాకా నిమిషానికి 78 చుట్లు అన్న నియమమే లేదు. కొన్ని 70 దగ్గర, కొన్ని 80 దాటి తిరిగేవి. ఒకే కంపెనీలో, ఒకే రోజున కూడా తేడా రావచ్చు. అలాంటి ప్లేటును 78 దగ్గర తిప్పి డిజిటల్ చేస్తే వేగమూ శ్రుతీ రెండూ తప్పుతాయి. ఒక అర్ధస్వరం తేడా అంటే వేగంలో సుమారు 6 శాతం తేడా.

సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. ఉదాహరణకు డి ఫ్లాట్ మేజర్‌లో ఉన్న నాక్టర్న్ (రాత్రిని తలపించే నెమ్మది రచన) వింటుంటే ఫోన్లోని శ్రుతి యాప్ డి మేజర్ చూపిస్తోందనుకుందాం. అంటే అర్ధస్వరం ఎక్కువైంది. 78ని 1.0595తో భాగిస్తే 73.6 వస్తుంది. ప్లేటు తిరగాల్సింది ఆ వేగంలో. 78 దగ్గర 3 నిమిషాల 20 సెకన్లు పట్టినది అప్పుడు 3 నిమిషాల 32 సెకన్లు పడుతుంది. ఆ 12 సెకన్లలో ‘హడావుడి’ అనిపించిన వాయింపు నింపాదిగా మారిపోతుంది. ఆడియో ఫైలునైతే ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని ఆ నిష్పత్తిలో తగ్గించాలి. శ్రుతినీ వేగాన్నీ విడదీసి మార్చే ఐచ్ఛికాన్ని ముట్టుకోకూడదు, రెండూ కలిసే మారాలి.

ఇక్కడ ఒక మెలిక. ఇప్పటి ప్రమాణంలో ‘ఎ’ (A) అనే స్వరం 440 హెర్ట్జ్. ఆనాటి ఫ్రెంచి ప్రమాణం 435. తేడా అర్ధస్వరంలో అయిదో వంతు, వేగంలో 1 శాతం పైచిలుకు. పారిస్ ప్లేటును 440కి సరిచేసినా నడకలో తేడా చెవికి తెలియదు, కాబట్టి దాని గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అర్ధస్వరం తప్పితే మాత్రం తీర్పే మారిపోతుంది.

శ్రుతి ఊగడం వేరే జబ్బు. ప్లేటు మధ్య బెజ్జం 1 మిల్లీమీటరు పక్కకు జరిగితే, బయటి అంచు దగ్గర శ్రుతి సుమారు 0.7 శాతం అటూ ఇటూ ఊగుతుంది. లోపలికి, కేంద్రం నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి అది 1.7 శాతం అవుతుంది. పాట చివరికొచ్చేకొద్దీ ఊపు పెరుగుతోందంటే, అదీ సెకనుకు ఒకటింబావు సార్ల చొప్పున క్రమంగా వస్తోందంటే, బెజ్జమే కారణం. గాత్రంలో ఇది గమకంలో కలిసిపోతుంది. పియానో స్వరం కొట్టాక కదలదు కాబట్టి దాంట్లో దాచడానికి చోటు లేదు. ప్లేటును కేంద్రానికి సరిగ్గా జరిపి తిప్పితే ఇది నయమవుతుంది.

ప్యూన్యో 1903 ప్లేట్లకు పట్టిన పీడ అంత సులువైనది కాదు. రికార్డు చేసేటప్పుడే యంత్రం సమంగా తిరగలేదు. కాబట్టి ఏ ప్రతి తీసుకున్నా పియానో నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు తొణుకుతుంది. ఈ ప్లేట్లను పక్కన పెట్టలేకపోవడానికి కారణం ప్యూన్యో గురుపరంపర. ఆయన గురువు జార్జ్ మాథియాస్, మాథియాస్ గురువు స్వయంగా షోపాన్. ఎఫ్ షార్ప్ మేజర్ నాక్టర్న్‌ను ఆయన ఇప్పటివాళ్ల కంటే బాగా నెమ్మదిగా వాయించారు, అది గురువు చెప్పిన నడకేనన్నారు. తొణుకుడు సరిచేసే సాఫ్ట్‌వేర్‌తో ఇటీవల తీసిన ప్రతులు దొరికితే ముందు వాటినే వినాలి.

కాగితపు రోలు చెప్పేదీ దాచేదీ

పాత విద్వాంసుల పేరుతో దొరికేవాటిలో సగం చిక్కు రోళ్లతోనే. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఎడ్విన్ వెల్టె, కార్ల్ బొకిష్ రూపొందించిన వెల్టె-మిన్యోన్ 1904లో వచ్చింది. వాద్యకారుడు వాయిస్తుంటే ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో కాగితం మీద గుర్తు పడుతుంది. ఆ గుర్తుల్ని బెజ్జాలుగా కొట్టిన కాగితాన్ని గాలి ఒత్తిడితో నడిచే పియానోకు ఎక్కిస్తే అది తనంతట తాను వాయిస్తుంది. షోపాన్ కంటే పద్నాలుగేళ్లే చిన్నవాడైన కార్ల్ రైనెకె (జననం 1824), పాడెరెవ్‌స్కీకి గురువైన లెషెటిట్‌స్కీ (జననం 1830) ఇలా రోళ్ల మీదే మిగిలారు.

రోలు నుంచి వచ్చే ధ్వని ఇప్పటి పియానోది. అందుకే 1905 అని రాసి ఉన్నా గరగర లేకుండా, స్టీరియోలో, తేటగా వినిపిస్తే అది ప్లేటు కాదని వెంటనే గుర్తుపట్టాలి. స్వరాలు ఎప్పుడు పడ్డాయన్నది రోలులో బాగానే ఉంటుంది. ఎంత బలంగా పడ్డాయన్న దగ్గరే తంటా. వెల్టె యంత్రం మెట్లను నడిమికి రెండు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో బలం ఇస్తుంది. కుడి చేతిలో చిటికెన వేలు పాటను పైకి తేల్చి, అదే చేతిలోని మిగతా వేళ్లు మెత్తగా పలికించడం పియానో విద్యకు ప్రాణం. అది ఆ యంత్రానికి ఒంటబట్టదు. దానికి తోడు రోలులో తప్పుడు స్వరాలు దిద్దేవారు, రోలు తిప్పే వేగం తర్వాతివాళ్ల అంచనా, యంత్రంలో గాలి గొట్టాలు చీకితే బలాలన్నీ తారుమారు.

కాబట్టి ‘ఫలానా విద్వాంసుడి స్పర్శ ఎంత మోటుగా ఉందో’ అని రోలు విని అనకూడదు. సాంసాన్స్, పాఖ్‌మన్, పాడెరెవ్‌స్కీ ప్లేట్లూ రోళ్లూ రెండూ చేశారు. ఒకరివే రెండూ పక్కపక్కన విన్నవాళ్లకు తేడా చెప్పనక్కర్లేకుండా బోధపడుతుంది.

రెండు చేతులు ఎందుకు కలవవు

ఇక అసలు విషయం. లెషెటిట్‌స్కీ 1906లో చేసిన షోపాన్ డి ఫ్లాట్ నాక్టర్న్ రోలులో ఎడమ చేతి మంద్రస్వరం ముందు పడుతుంది, రెప్పపాటు తర్వాత కుడి చేతి రాగస్వరం పడుతుంది. ఒకటి రెండు చోట్ల కాదు, పొడుగునా. రైనెకె మొజార్ట్ కన్సర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే రచన)లోని నెమ్మది భాగాన్ని ఒంటరి పియానోకు మార్చి వాయించిన రోలులో కార్డులు ఒక్కసారి పడవు, వేళ్ల కింద నుంచి వీణ తీగలు మీటినట్టు విచ్చుకుంటాయి.

ఇది యంత్రం తప్పు కావడానికి వీల్లేదు. ప్లేటు వేగం తప్పితే రెండు చేతులూ కలిసే ముందుకో వెనక్కో జరుగుతాయి. కుడి చేతిని మాత్రమే వెనక్కి లాగే లోపం ఏ తిరుగుడు యంత్రంలోనూ లేదు. పైగా ప్లేటూ రోలూ పూర్తిగా వేరు వేరు సూత్రాల మీద నడిచే యంత్రాలు, వాటి జబ్బులూ వేరు. రెండిటిలోనూ ఒకే లక్షణం కనిపిస్తే అది వాయించిన మనిషిదే.

దీని వెనక పాత సంప్రదాయం ఉంది. నెమ్మది భాగాల్లో కుడి చెయ్యి స్వేచ్ఛగా పోతున్నా ఎడమ చెయ్యి కాలం తప్పకూడదన్న సంగతి ఇతరులకు అంతుపట్టడం లేదని మొజార్ట్ 1777లో తండ్రికి రాశారు. ఎడమ చెయ్యే సంగీత బృంద నాయకుడన్నది షోపాన్ మాటగా ఆయన శిష్యులు చెప్పుకున్నారు. తాళం నిలకడగా పడుతుండగా పాట కాస్త వెనకపడి, కాస్త ముందుకు జరిగి సమానికి చేరుకోవడం మనకు కొత్త సంగతి కాదు. కాలాన్ని ఇలా సడలించి వాయించడాన్ని రుబాటో అంటారు, అది అందులో ఒక రకం. నడకనే మొత్తంగా సాగదీసి, కుదించడం రెండో రకం. పాత విద్వాంసులు రెండూ వాడారు. ఇప్పటివాళ్లు ఎక్కువగా రెండోదే, అదీ పొదుపుగా వాడతారు.

చేతుల్ని విడదీయడం వల్ల ఒరిగేదేమిటి? పియానో స్వరం కొట్టిన మరుక్షణం నుంచి తగ్గిపోతుంది. మంద్రస్వరం ముందు పడితే దాని తీగ అదురు పై తీగలను కదిలిస్తుంది, ఆ అలల మీద రాగస్వరం పడుతుంది. పైస్వరం ఒంటరిగా పడటం వల్ల గట్టిగా కొట్టకుండానే విడిగా వినిపిస్తుంది. దీన్ని చాదస్తమని కొట్టిపారేసిన 20వ శతాబ్దం ఒక మంచి పనిముట్టును పారేసుకుందనే చెప్పాలి. నిజమే, ప్రతి మాత్రకూ విడదీస్తే వెగటు పుడుతుంది. ఆ తరంలోనూ దాన్ని అతిగా వాడినవాళ్లు ఉన్నారు.

అందరూ అలా వాయించలేదు కూడా. పుట్టిన సంవత్సరాన్ని బట్టి చూస్తే సాంసాన్స్ వాయింపు మహా తీయగా, మందంగా ఉండాలి. ఆయన ప్లేట్లలో వేళ్లు చకచకా, ముత్యాలు రాలినట్టు, పెద్దగా సాగదీతలు లేకుండా పరుగెత్తుతాయి. 19వ శతాబ్దపు ‘రొమాంటిక్ కాలం’ అనగానే ఒకే పోత పోసిన శైలి ఉందనుకునేవారికి ఆ ప్లేట్లే జవాబు.

శిష్యులు గురువుకు నకళ్లు కారు

లిస్ట్ వాయింపు మిగలకపోయినా ఆయన దగ్గర చదువుకున్న రోజెంతాల్, జావర్, డాల్బేర్, ఫ్రీడ్‌హైమ్, లామొండ్ వంటివారి రికార్డులు ఉన్నాయి. వాళ్లను విని లిస్ట్‌ను ఊహించుకోవాలని అందరికీ ఉంటుంది. విన్నకొద్దీ ఆ ఊహ సడలుతుంది. వీళ్లు ఒకరిలా ఒకరు వాయించరు. రోజెంతాల్ మజుర్కాల్లో (పోలండ్ నాట్యం బాణీ రచనల్లో) గుసగుసలాంటి సౌకుమార్యం, లామొండ్ బీథోవెన్‌లో బిగువైన గాంభీర్యం. దీన్ని బట్టి లిస్ట్ గురించి ఊహించగలిగేది ఒక్కటే: శిష్యుల మీద తన అచ్చు గుద్దే గురువు కాదు.

వయసునూ లెక్కలోకి తీసుకోవాలి. రోజెంతాల్ విద్యుత్ రికార్డింగులు మొదలుపెట్టేసరికి 65 దాటాయి. యవ్వనంలో ఉరుములాంటి బలానికి పేరుపడ్డ మనిషి అంతా మెత్తగా వాయించాడంటే అందులో రుచి ఎంత, వయసు ఎంత అన్నది తేల్చలేం. పాఖ్‌మన్‌ను చాలామంది ముదిమిలో వాయిస్తూ మాట్లాడిన ప్లేట్లతోనే గుర్తుపెట్టుకున్నారు. 1907–12 నాటి ప్లేట్లలో ఉన్నది ఇంకో స్థాయి పాఖ్‌మన్.

పరంపర సాక్ష్యం గట్టిగా నిలిచే చోట్లూ లేకపోలేదు. షోపాన్ శిష్యుడు మికూలీ, మికూలీ శిష్యుడు రవూల్ కొచాల్‌స్కీ. ఈ-ఫ్లాట్ నాక్టర్న్‌ను కొచాల్‌స్కీ 1938లో రికార్డు చేసినప్పుడు అచ్చు పుస్తకంలో లేని అలంకారాలు చేర్చారు. షోపాన్ శిష్యుల పుస్తకాల్లో పెన్సిల్‌తో రాసిచ్చిన సంగతులు అవి. కాగితం మీద మిగిలిన ఆధారమూ చెవిన పడే ఆధారమూ ఇలా ఒకదానికొకటి తోడు నిలవడం అరుదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

కాలక్రమంలో వినాలన్న పట్టుదల వద్దు. 1889 నుంచి మొదలుపెడితే మూడు ప్లేట్లతో విసుగొస్తుంది. ముందు 1928–38 నాటివి వినాలి: ఫ్రీడ్‌మన్ 1930లో చేసిన మజుర్కాలు, 1936లో చేసిన ఈ-ఫ్లాట్ నాక్టర్న్ (ఓపస్ 55), జావర్ 76 ఏళ్ల వయసులో, మరో లిస్ట్ శిష్యుడు వైన్‌గార్ట్‌నర్ నిర్వహణలో 1938లో వాయించిన లిస్ట్ కన్సర్టోలు, క్లారా షూమన్ శిష్యురాలు ఫానీ డేవిస్ వాయించిన షూమన్ రచనలు. రెండు మూడు వారాల తర్వాత 1907–12 నాటి పాఖ్‌మన్, ఆ తర్వాత 1903 పారిస్.

ఇయర్‌ఫోన్ల కంటే గదిలో స్పీకరు మేలు. చిటపటలు గాలిలో పలచబడతాయి, చెవి రెండు నిమిషాల్లో వాటిని వదిలేస్తుంది. ధ్వని మరీ పెంచకూడదు. గరగర పూర్తిగా తుడిచేసిన ప్రతి దొరికిందని సంబరపడకూడదు, గరగరతో పాటు స్వరం మొదలయ్యే చురుకూ పోయి, పియానో గుడ్డలో చుట్టినట్టు వినిపిస్తుంది. ఒకే ప్లేటుకు రెండు ప్రతులు దొరికితే కాస్త గరగర ఉన్నదే ఎంచుకోవాలి. స్వరలిపి ముందు పెట్టుకోవడం రెండోసారి వినేటప్పుడే. మొదటిసారే పెట్టుకుంటే దృష్టంతా తప్పులు పట్టడం మీదికి పోతుంది.

ఇంట్లో తాతల నాటి ప్లేట్లు ఉండి వాటినే తిప్పదలచుకున్నవాళ్లు కొన్ని జాగ్రత్తలు పడాలి. స్పిరిట్‌తో తుడవకూడదు, ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు, మధ్య కాగితం తడవకూడదు. తర్వాతి కాలపు ఎల్‌పీ ప్లేట్ల ముల్లు సుమారు 20 మైక్రాన్లు, పాత గాడికి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నముల్లు గాడి అడుక్కి దిగి గరగరను మాత్రమే ఏరుకొస్తుంది. ఆంప్లిఫయర్‌లోని ఫోనో మీట ఎల్‌పీల కోసం 10,000 హెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డెసిబెల్లు కోస్తుంది. బాకా ప్లేటుకు ఆ కోత అవసరం లేదు, ఉన్న కాస్త మెరుపూ పోతుంది.

చెవి కుదురుకున్నాక వినవలసినది రష్యా స్వరకర్త, పియానో విద్వాంసుడు రాఖ్మానినోవ్ 1930 ఫిబ్రవరిలో చేసిన షోపాన్ బి ఫ్లాట్ మైనర్ సొనాటాలోని శవయాత్ర. మెల్లగా మొదలై, అడుగు అడుగుకూ బలం పెంచుకుంటూ వచ్చి, నడిమి పాట దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత యాత్ర తిరిగి వచ్చేటప్పుడు మెల్లగా రావాలని షోపాన్ రాశారు. రాఖ్మానినోవ్ అక్కడ పూర్తి బలంతో విరుచుకుపడి, అక్కడి నుంచి చివరిదాకా క్రమంగా తగ్గిస్తూ పోతారు. ఊరేగింపు దూరం నుంచి వచ్చి, గుమ్మం ముందుగా సాగి, వీధి మలుపులో కనుమరుగైనట్టు ఉంటుంది. స్వరలిపి చూస్తూ వింటే అది తప్పు. అదే పని అంతకు ముందు అంటోన్ రూబిన్‌స్టీన్ చేసేవారని చెప్పుకునేవారు. రూబిన్‌స్టీన్ పియానో వాయింపు ఒక్క స్వరం కూడా మిగలని మన కాలంలో, ఆ ఆనవాలు ఈ ప్లేటులో వినిపిస్తోంది.